పద్నాలుగు అక్షరాల పెట్టె

ఇప్పుడైతే మా ఉద్దానంలో ఇంటికో ఫ్లెక్సీ. పిల్లకి చెవులు కుట్టించినా ఫ్లెక్సీ, పిల్లాడు పదో తరగతి గట్టెక్కినా ఫ్లెక్సీ, ఎవరో కొత్త మోటారుసైకిలు కొంటే దానికీ ఫ్లెక్సీ. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మనిషి పేరు గోడకెక్కడం అంత సులువు కాదు. ఎన్నికల్లో నిలబడాలి, లేదా పరీక్ష పాసవ్వాలి, లేదా ఏకంగా చచ్చిపోవాలి. ఈ మూడూ కాకుండా ఒక మనిషి పేరు గోడ మీద పెట్టిస్తానని నేను ఒకసారి మాటిచ్చాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆ వయసులో నోటికీ బుర్రకీ మధ్య గేటు ఉండదు.

ముందు మా సంఘం పెట్టె గురించి చెప్పాలి. పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, జీడితోటల మధ్య మా ఊరు. ఊళ్ళో మాది చిన్న బాప్టిస్టు సంఘం. ఒక క్రిస్మస్‌కి పలాస బోర్డు పెయింటరు చేత థర్మకోల్‌తో ‘మెర్రీ క్రిస్మస్’ అని ఇంగ్లీషు అక్షరాలు కోయించి, చమ్కీ అద్దించి, బలిపీఠం వెనక ఎర్ర తెరకి గుండుసూదులతో గుచ్చాం. మొత్తం పద్నాలుగు అక్షరాలు. పండగయ్యాక వాటిని ఒక రేకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి మా సంఘం పెద్ద ఒకాయన మొలతాడుకి వేలాడేది. సుమ్మాదేవి స్టేషన్లో జెండా ఊపి రిటైరైన మనిషి. మేమంతా ఆయన్ని పెట్టె తాత అనేవాళ్ళం (ఎదురుగా కాదు). ఎవరు అక్షరాలు అడిగినా ఒక్కొక్కటే చేతిలో పెట్టి, “పద్నాలుగు ఇత్తన్నాను. పద్నాలుగూ నాకు అప్పజెప్పాల. ఒక్కటి తగ్గినా ఆదివారం ఆరాధనలో నిలబెట్టి అడుగుతాను” అనేవాడు. కొత్త అక్షరాలు చేయిద్దామంటే ఆయన సమాధానం ఒకటే. “దేవుడు ఇచ్చినాటితో సద్దుకోలేరేటి?”

అలా మా సంఘం ఏళ్ళ తరబడి ఆ పద్నాలుగు అక్షరాలతోనే బతికింది. ఏ కార్యం జరిగినా తెర మీద మాట అందులోంచే పుట్టాలి. ఈస్టర్‌కి ఒక ‘ఈ’ తక్కువైతే ‘ఎం’ని పక్కకి పడుకోబెట్టి ‘ఈ’ చేశాం (దూరం నుంచి పర్వాలేదు, దగ్గరకొస్తే నడుం నొప్పి పుట్టిన ‘ఎం’లాగే ఉండేది). జ్ఞాపకార్థ కూడికకి ‘రెస్ట్’ సరిపోయింది. పెళ్ళికి ‘వెడ్స్’ అందామంటే ‘డి’ లేదు. ప్రేమ గురించి వారానికి రెండు ప్రసంగాలు వినే సంఘం మాది, కానీ ‘లవ్’లో ఒక్క ‘ఈ’ తప్ప మిగతా మూడూ మా దగ్గర లేవు. ‘గాడ్’ అని రాద్దామంటే ఆయన మూడక్షరాల్లో ఒక్కటీ లేదు. చివరికి మా అయ్యగారు, అదే పాస్టరుగారు, ‘హిజ్ మెర్సీ’ అనే మాట కనిపెట్టారు. ఆయన కృప. ఎనిమిది అక్షరాలు, ఎనిమిదీ పెట్టెలో ఉన్నాయి, ఏ సందర్భానికైనా నప్పుతుంది. అప్పట్నించి కోతపండగా, ఇంటి ప్రతిష్ఠా, పెళ్ళీ, చావూ అన్నీ ఆయన కృప కిందే జరిగాయి.

నేను టెక్కలిలో డిగ్రీ చదువుతూ ఉండేవాణ్ణి. బస్సులో కూర్చుని, నోటుపుస్తకం చివరి పేజీల్లో, ఆ పద్నాలుగు అక్షరాలతో ఎన్ని ఇంగ్లీషు మాటలు పుడతాయో రాసుకోవడం నా పిచ్చి. రెండొందలు దాటించాను. ఏ మాట వస్తుందో ఏది రాదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. దాంతో సంఘం వాళ్ళు నన్ను డెకరేషన్ ఇన్‌ఛార్జిని చేసేశారు. నాకు తల తిరిగింది. తల తిరిగినవాడికి ఏం జరగాలో అదే జరిగింది.

మే నెలలో మా అక్క పెళ్ళి. అక్క పేరు మేరీ (మా సంఘంలో ప్రతి మూడో ఇంట్లో ఒక మేరీ ఉండేది, కాబట్టి పేరు చెప్పినా ఎవరో తెలియదు). బావది కంచిలి దగ్గర ఊరు, బడిపంతులు. బావ పేరు మాత్రం చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. బావకి చిన్నప్పుడే తండ్రి పోతే పెంచింది మేనమామ. నౌపడ ఉప్పుమడుల్లో జీవితమంతా పనిచేసిన మనిషి. పాదాలు పగిలి, ఆ పగుళ్ళలో తెల్లగా గీతలు తేలి ఉండేవి. మా ఇంట్లో ఆయన్ని ఉప్పు మావయ్య అనేవాళ్ళం. పెళ్ళికి వారం ముందు ఆయన మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, “నాకు ఒక్కటే కోరిక” అన్నాడు. మా నాన్న గుండె గుభేలుమంది. నాన్నది జీడితోట ఎకరం, కొబ్బరిచెట్లు పది. కోరిక అనే మాట వింటేనే ఆయన ముఖం మాడిపోయేది.

“మరేటీ వొద్దు. సర్చిలో టేజీ మీద మావోడి పేరుండాల. ఇంగిలీసులో. తెల్లగ, మెరిసేలాగ. ఇశాపట్నం పెల్లిల్లో సూసినాను. అలాగ” అన్నాడు ఉప్పు మావయ్య. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆయన అంతటితో ఆగలేదు. “ఎందుకంటే బాబూ, ఈడికి పంతులుద్యోగం వొచ్చినప్పుడు సిక్కోలులో లిస్టు గోడకి అంటించినారు. ఈడికేమో జొరం. నాను ఎల్లినాను. నాకు తెలుగే కూడబలుక్కుంట వొస్తాది, అదేమో అంతా ఇంగిలీసు. ఎవుల్నీ అడగడానికి సిగ్గేసింది. గంటసేపు ఆ గోడకాడ నిలబడిపోనాను. ఈడి పేరు నా కల్లెదురుగానే ఉన్నాది, నాకు తెలీనేదు. నేదనుకొని ఏడుసుకుంట ఇంటికొచ్చీసినాను. మర్నాడు ఎవులో సెప్తే తెలిసింది. అందుకే ఒక్కసారి, పెద్దగ, ఇదిగో ఇదే ఈడి పేరు అని నాకు తెలిసేలాగ గోడ మీద సూడాల. అంతే.”

అమ్మ కళ్ళు ఒత్తుకుంది. నాకూ గొంతు పట్టేసింది. పట్టేసిన గొంతు అలాగే పట్టేసి ఉంటే ఎంత బాగుండేది! “అదెంత పని మావయ్యా, రోడ్డు మీంచి కనపడేలా పెడతాను సూడండి” అనేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఆయన బస్సెక్కి వెళ్ళాక నాన్న నన్ను పక్కకి పిలిచి, “ఒరే, ఇప్పుడది నీ మాట కాదు. ఇంటి మాట” అని మాత్రం అన్నాడు.

బావ పేరుకి ఏడక్షరాలు. మా పెట్టెలో ఉన్నవి వాటిలో మూడే. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఎవరో దగ్గినట్టు ఉంది. సరే, పలాస పెయింటరుకి చెబితే కొత్తవి కోసిస్తాడు కదా అని వెళ్ళి చెప్పాను. “ఎల్లు తమ్ముడా, బేగి కోసిచ్చెత్తాను” అన్నాడు. నేను ఆ మాట నమ్మి, రోజూ రెండు పూటలా భోంచేసి, పందిరి గుంజల లెక్కా వంటపాత్రల లెక్కా చూసుకుంటూ తిరిగాను. పెళ్ళి రేపనగా మధ్యాహ్నం పలాస వెళ్తే దుకాణానికి తాళం. ఇచ్ఛాపురంలో ఏదో పెద్ద బోర్డు పని తగిలితే మూడ్రోజుల క్రితమే వెళ్ళిపోయాడట. పక్క టీ దుకాణం ఆయన చల్లగా చెప్పాడు.

ఊరంతా తిరిగితే ఒక ఫ్యాన్సీ దుకాణంలో రెండే రెండు థర్మకోల్ షీట్లు దొరికాయి. నేనే కోద్దాం, బ్లేడుంది, చేతులున్నాయి అనుకున్నాను. రెండూ సైకిలు క్యారియరుకి అడ్డంగా కొబ్బరితాడుతో కట్టి బయల్దేరాను. మా వైపు మే నెల సాయంత్రం సముద్రపు గాలి ఎలా ఉంటుందో పుట్టినప్పట్నించీ తెలుసు. తెలిసిన విషయాలు అవసరానికి గుర్తురావు. ఊరు దాటి జీడితోటల్లోకి వచ్చేసరికి గాలి అందుకుంది. సైకిలు నన్ను తొక్కుతోందో, నేను సైకిల్ని తొక్కుతున్నానో తెలియలేదు. మలుపు దగ్గర ‘ఫట్’మంది. ఒక షీటు నడిమికి విరిగి, సగం రోడ్డు పక్క నీళ్ళగుంటలో పడింది. రెండోది తాడు తెంపుకుని, గాలిలోకి లేచి, చెట్ల మీదుగా పోయింది. జీడిపిక్కలు ఏరుతున్న ఒకావిడ నడుం నిటారు చేసి, “ఓలమ్మో! ఏటి బాబూ ఆ తెల్లగ ఎగిరిపోతంది?” అంది. మా ఇంటి పరువు అని చెప్పలేక సైకిలు పడేసి పరిగెత్తాను. ముళ్ళలోంచి, పిక్కల కుప్పల్లోంచి వెతికితే అప్పడమంత ముక్క దొరికింది. దాన్ని చేత్తో పట్టుకుని, తోట మధ్యలో నిలబడి, ఏడ్చాను. అబద్ధం ఎందుకు, బాగా ఏడ్చాను.

చర్చికొచ్చి, జీడిపప్పు డబ్బాలు ప్యాక్ చేసే అట్టపెట్టె ఒకటి చింపి అక్షరాలు కోశాను. తెల్లగా ఉండాలని సున్నం పూశాను. తడి తగిలేసరికి అట్ట మెత్తబడి, అక్షరాలన్నీ తల వేలాడేసుకున్నాయి. గోడ మీద రంగుతో రాసేస్తానంటే పెట్టె తాత అడ్డం నిలబడ్డాడు. “దేవుడి గోడ మీద మనిసి పేరా? నా పీక కోసి రాయి” అన్నాడు. పెట్టె తెరిచి, పద్నాలుగూ లెక్కపెట్టి చాప మీద పరిచి, నా పక్కనే కూర్చున్నాడు. ఎటు తిప్పినా బావ పేరు రాదు. అక్క పేరు మాత్రం చక్కగా వచ్చేస్తోంది! వధువు పేరొక్కటే పెట్టి వరుడి పేరు పెట్టకపోతే మగపెళ్ళివారు ఏమంటారో ఊహించుకుంటే చెమటలు పట్టాయి. పక్కన ఇంకేదైనా మాట పెడదామని మిగిలిన అక్షరాలు కూరిస్తే ‘క్రైస్ట్’ వచ్చింది. ‘మేరీ’, పక్కన ‘క్రైస్ట్’. అప్పుడే లోపలికొచ్చిన అయ్యగారు దాన్ని చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు. “బాబూ, మీ అక్క పెళ్ళి చేసుకుంటోందా, కన్యాస్త్రీల మఠంలో చేరుతోందా?” అని అడిగారు. ఇంకో సమయంలో అయితే నేనూ నవ్వేవాణ్ణి. ఆ సాయంత్రం నవ్వుకి పెదవులు కూడా కదలలేదు.

నాకు రెండొందల మాటలు వచ్చు. కావలసిన ఒక్క మాట రాదు. ఆ రెండొందల్లో ‘నక్షత్రా’నికి మాటుంది, ‘సైన్యా’నికి మాటుంది, ‘పిండి గంజి’కి కూడా మాటుంది అని గొప్పలు పోయిన నోటుపుస్తకాన్ని పొయ్యిలో పెట్టేద్దామనిపించింది.

పొద్దున్నే అక్క పిలిపించింది. సగం జడ వేసి ఉంది, చుట్టూ అత్తలూ పిన్నులూ. జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. “ఏటి తమ్మూ, నా పేరొక్కటే ఎడితే పెల్లి నాకొక్కదానికే అయినట్టుంటాది. తీసీ. ఎప్పుడూ ఎట్టీదే ఎట్టు. ఆ మావయ్యకి మాత్రం నువ్వే సెప్పుకో. మాటిచ్చింది నువ్వు” అంది. అంతే, మళ్ళీ అద్దం వైపు తిరిగింది. నేను వెళ్ళి ఎర్రతెర మీద ‘హిజ్ మెర్సీ’ గుచ్చాను. గుచ్చుతున్నంతసేపూ నోట్లో క్షమాపణ వల్లె వేస్తున్నాను. “మావయ్యా, నన్ను క్షమించండి, గాలి వచ్చింది.” కాదు. “మావయ్యా, గాలి వచ్చింది, నన్ను క్షమించండి.” ఎలా చెప్పినా చెడ్డగానే ఉంది. గేటు దగ్గరే ఆపి, లోపలికి రాకముందే చెప్పేయాలని నిశ్చయించుకున్నాను.

పెళ్ళివారి బస్సు వచ్చింది. ఉప్పు మావయ్య అందరికంటే ముందు దిగాడు. కొత్త పంచె, మడతలు కూడా విప్పుకోని కొత్త చొక్కా. నేను “మావయ్యా” అనేలోపే నా పక్కనుంచి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు. వెనకాలే పరిగెత్తాను. ఆయన నడవ మధ్యలోంచి నడిచి, సరిగ్గా ఆ తెర ముందు ఆగి, తలెత్తాడు. కిటికీలోంచి ఎండ పడి చమ్కీ మెరుస్తోంది. నేను వెనకాల నిలబడి ఆయన మెడ మీది నరాలు చూస్తున్నాను. ఆయన ఎంతసేపటికీ కదలలేదు. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. “ఇదేనేటి బాబూ?” అన్నాడు.

నేను నోరు తెరిచాను. క్షమాపణా రాలేదు, గాలీ రాలేదు. అవునంటే అబద్ధం, అదీ చర్చిలో, బలిపీఠం ముందు. కాదంటే ఆ మనిషి ముఖం చూడాలి. అటూ ఇటూ కాకుండా నిలబడిపోయాను. అప్పుడు నా వెనకనుంచి గొంతు వినపడింది. “అవును మావా. అదే.” బావ. కొత్త కోటులో ఉక్కిరిబిక్కిరవుతూ, తెర మీది మాట చదివాడు, నా ముఖం చదివాడు, మావయ్య ముఖం చదివాడు. బడిపంతులు కదా, మూడూ ఒకేసారి అర్థమైపోయాయి.

నేను ఊపిరి వదిలేలోపే ఉప్పు మావయ్య మళ్ళీ తలెత్తాడు. “మరి రెండు ముక్కలుగున్నాదేటి? చిన్నదొకటి, పెద్దదొకటి?” బావ తడుముకోలేదు. “ముందుది ఇంటిపేరు మావా, తర్వాతది పేరు. మొత్తం నాదే.” ఆయన వేలెత్తి, గాలిలోనే, ఒక్కొక్క అక్షరం వెంటా నెమ్మదిగా గీత గీశాడు. ఎనిమిదీ గీశాక వేలు దించి, “బాగున్నాది. శానా బాగున్నాది” అన్నాడు. అయ్యగారు ఒక మూల నిలబడి అంతా విన్నారు. ఏమంటారోనని చూశాను. ఆయన పాటల పుస్తకం తెరిచి, చాలా శ్రద్ధగా ఏదో పేజీ వెతకడం మొదలెట్టారు.

పెళ్ళయింది. ఫోటో తీసేటప్పుడు ఉప్పు మావయ్య సరిగ్గా అక్షరాలు పడేలా తను పక్కకి జరిగి నిలబడ్డాడు. అంతలో అనుమానం వచ్చింది. “మరి పిల్ల పేరు ఎట్టనేదేటి?” నేను గొడుగులాగా ముడుచుకున్నాను. మా అక్క తలవంచుకునే, “నాదెందుకు మావయ్యా, ఆయనిదుంటే సాలదేటి” అంది. కూరలో కోడికాలు తమ్ముడికి పోతే పూటంతా అలిగే మా అక్క! బావ ఆమె వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు ఫోటోలో కూడా పడింది. నేను చర్చి వెనక బోరింగు దగ్గరకి వెళ్ళి ముఖం కడుక్కుంటూ మళ్ళీ ఏడ్చాను. ఈసారి భయానికి కాదు. అక్క మంచివాడి చేతిలో పడింది అని. సాయంత్రం పెట్టె తాత అక్షరాలు లెక్కపెట్టుకుని, పద్నాలుగూ ఉన్నాయని తాళం వేసుకున్నాడు.

కథ అక్కడితో అయిపోవాలి. నా మనసే ఒప్పుకోలేదు. ఉప్పు మావయ్య ఆ ఫోటోకి అద్దం కట్టించి, వచ్చినవాళ్ళందరికీ “ఇదిగో, మావోడి పేరు” అని చూపిస్తున్నాడని విన్నప్పుడల్లా ముల్లు గుచ్చుకునేది. ఇచ్చిన మాట తీర్చలేదు, పైగా ఆ మోసంలో నాకూ వాటా ఉంది. ఐదారేళ్ళకి పలాసకి ఫ్లెక్సీలు వచ్చాయి. అదే సమయంలో బావ సాయంతో ఉప్పు మావయ్య సొంతూళ్ళో రెండు గదుల స్లాబు ఇల్లు వేసుకున్నాడు. ఇంటి ప్రతిష్ఠకి పిలిచారు. నేను అప్పటికి ఇంగ్లీషు మాస్టర్ని. మొదటి జీతాల్లోంచి దాచి, ఆరడుగుల ఫ్లెక్సీ చేయించాను. దాని మీద బావ పేరు, ఏడక్షరాలు, ఒక్కటి తగ్గకుండా, మూరెడేసి ఎత్తున. ఈ ఒక్క పనితో నా పాపం కడిగేసుకుందామని నా ఆశ. బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదు. గాలి సంగతి ఈసారి గుర్తుంది.

ఇంటి ముందు ఫ్లెక్సీ విప్పి పట్టుకున్నాను. ఉప్పు మావయ్య చూశాడు. దగ్గరకొచ్చి చూశాడు. లోపలికెళ్ళి పెళ్ళి ఫోటో తెచ్చి, దాని పక్కన పెట్టి, అటూ ఇటూ చూశాడు. తర్వాత జాలిగా నా భుజం తట్టాడు. “బాబూ, ఏదో సరదా పడి తెచ్చినావు. కానీ తప్పు రాయించీసినావు. మావోడి పేరు ఇలాగుండదు.”

నేను బావ వైపు చూశాను. బావ ఆకాశం వైపు చూశాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. ఉప్పు మావయ్య అప్పటికే పలాస నుంచి పెయింటర్ని పిలిపించుకున్నాడు. (మూడ్రోజుల ముందే ఇచ్ఛాపురం పోయిన ఆ మహానుభావుడే!) ఫోటో అతని చేతిలో పెట్టి, గుమ్మం పైన చూపించి, “ఇలాగే ఎయ్యాల. ఒక్క గీత తేడా రాకూడదు” అన్నాడు. పెయింటరు చదివి, “హిజ్ మెర్సీ. మంచి మాట తాతా, ఇల్లన్నాక ఇలాంటిదే ఉండాల” అన్నాడు. మావయ్యకి ఆ ఉచ్చారణ నచ్చలేదు. “ఈడికి సదూడం రాదు గానీ గీత బాగా గీత్తాడు” అన్నాడు నా చెవిలో. నా ఫ్లెక్సీని వర్షాకాలం కట్టెల మీద కప్పుకున్నారు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. గుమ్మం మీద నీలిరంగు అక్షరాలు రెండుసార్లు వెలిసి, రెండుసార్లు కొత్త రంగు వేయించుకున్నాయి. మావయ్యకి చూపు మందగించింది. ఎప్పుడు వెళ్ళినా అరుగు మీద కూర్చుని ఉంటాడు. నా గొంతు గుర్తుపట్టి, గుమ్మం వైపు చెయ్యి చూపించి, “ఇంగిలీసు మాస్టరువి గదా, ఒక్కసారి సదువు బాబూ” అంటాడు. తరగతిలో పిల్లలు ఒక్క అక్షరం తప్పు చదివితే ఒప్పుకోని నేను, చెప్పులు విడిచి, ఆ గుమ్మం కింద నిలబడి, తలెత్తి, గట్టిగా మా బావ పేరు చదువుతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చదవలేదు.